పే స్టబ్‌లో మాయమైన ఒక లైను

సంపాదకులకు నమస్కారం.

నా డ్యూటీ పొద్దున ఐదున్నరకు మొదలవుతుంది. ఐదుంబావుకే వెళ్లి పార్కింగ్‌లో కారు ఆపి, పంచ్ కొట్టే టైమయ్యేదాకా ఫోన్‌లో మీ పత్రిక చదువుతాను. అది పదేళ్ల అలవాటు. 2024 నవంబర్‌లో ఇక్కడి ఎన్నికల ఫలితాలప్పుడు వడ్లూరు గ్రామం గురించి, వైస్ ప్రెసిడెంట్ వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వీకుల గురించి వార్తలు వచ్చాయి. 2025 సెప్టెంబర్‌లో హెచ్1బీ ఫీజు లక్ష డాలర్లు చేసినప్పుడు రోజుల తరబడి అదే వార్త. 2025 నవంబర్‌లో వర్జీనియాలో గజాలా హాష్మీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిస్తే ఆమె హైదరాబాద్‌లో పుట్టారని రాశారు. ఇవేవీ వద్దనను. మా ఇల్లు కూడా ఏడేళ్లు వీసా టెన్షన్‌లో బతికిందే. కానీ నేను రోజూ పనిచేసే అమెరికా మన పత్రికల్లో కనబడదు. గంటల లెక్కన జీతం తీసుకునే వాళ్ల అమెరికా అది. జబ్బు చేసిన రోజుకు జీతం అని వాళ్లు ఓటు వేసి తెచ్చుకున్న ఒక హక్కును 2025లో మా రాష్ట్రంలో చట్టసభ వెనక్కి లాక్కుంది. దాని గురించి తెలుగులో ఒక్క ముక్క కూడా నా కంట పడలేదు. అందుకే నేనే రాస్తున్నాను.

మాది వరంగల్. మా బాపు ఆజంజాహీ మిల్లులో కార్మికుడు. చిన్నప్పుడు బాపుకు జ్వరమొస్తే ఈఎస్‌ఐ దవాఖానకు పోయి, డాక్టర్ రాసిచ్చిన కాగితం తెచ్చుకుని పడుకునేవాడు. పనికి పోని ఆ రోజులకు కూడా జీతంలో కొంత ఇంటికొచ్చేది. ఆ డబ్బులతో అమ్మ బియ్యం, కిరోసిన్ తెచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. 2002లో మిల్లు మూతపడింది, అది వేరే కథ. 2005లో పెళ్లయి నేను మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌కు వచ్చాను. జ్వరమొస్తే జీతం పోతుందనే భయం ఇంత పెద్ద దేశంలో ఉంటుందని నాకు అప్పుడు తెలియదు. ప్రైవేటు ఉద్యోగికి జబ్బు చేసిన రోజున జీతం ఇచ్చి తీరాలనే జాతీయ చట్టం అమెరికాలో ఇప్పటికీ లేదు. 1993 నాటి చట్టం ఒకటుంది, అది పన్నెండు వారాల సెలవు ఇస్తుంది, జీతం ఇవ్వదు. ఆ సెలవు కూడా అందరికీ వర్తించదు.

నేను ఇప్పుడు ఒక వృద్ధుల నివాసంలో వంటగదిలో పనిచేస్తున్నాను. పొద్దున ట్రేలు సర్దడం, ఎవరికి ఉప్పు తగ్గించాలో, ఎవరికి అన్నీ మెత్తగా చేసి పెట్టాలో చీటీలు చూసుకుని పంపడం నా పని. 2023 డిసెంబర్‌లో ఒక పొద్దున సంగతి చెబుతాను. మా కుక్ ఒకాయన, అరవైకి దగ్గర పడ్డ తెల్లాయన, ఊరి బయట జెఫర్సన్ కౌంటీ నుంచి వస్తాడు. ఆ రోజు ఆయనకు జ్వరం. గ్రిల్ ముందు నిలబడి గుడ్లు వేస్తూ దగ్గొచ్చినప్పుడల్లా భుజం వైపు మొహం తిప్పుకుంటున్నాడు. మాస్క్ చెమటకు తడిసి ముక్కు మీద నిలవడం లేదు. దాన్ని పైకి లాక్కుని, చేతులు కడుక్కుని, మళ్లీ గరిటె పట్టుకుంటున్నాడు. గంటలో ఏడెనిమిది సార్లు కడుక్కుని ఉంటాడు, చేతుల వెనక చర్మం ఎర్రగా పగిలిపోయింది. ఇంటికి పొమ్మన్నాను. వేళ్లు మడిచి లెక్క చెప్పాడు. గంటకు 14 డాలర్లు, ఎనిమిది గంటలు, 112 డాలర్లు. ఆ వారం ట్రక్ ఇన్‌స్టాల్‌మెంట్ కట్టాలి. ఆయన వండిన గుడ్లు నేను ట్రేల్లో పెట్టి ఎనభై, తొంభై ఏళ్ల వాళ్లకు పంపాను. ఆ తర్వాతి వారం రెండో అంతస్తులో చాలామంది మంచాన పడ్డారు. ఈయన వల్లే అని నేను అనలేను, చలికాలంలో జబ్బు ఎటునుంచైనా వస్తుంది. కానీ ఆ పొద్దున ఆయన ఇంట్లో ఉండాల్సిన మనిషి.

2024 నవంబర్‌లో మా ఓటు కాగితం మీద ప్రొపొజిషన్ ‘ఎ’ అనే ప్రశ్న వచ్చింది. ఇక్కడ కొన్ని రాష్ట్రాల్లో చట్టసభతో పని లేకుండా జనమే సంతకాలు సేకరించి ఒక చట్టాన్ని నేరుగా ఓటుకు పెట్టొచ్చు. ప్రొపొజిషన్ ‘ఎ’లో రెండు విషయాలున్నాయి. కనీస వేతనం గంటకు 12.30 డాలర్ల నుంచి 2025లో 13.75కు, 2026లో 15కు పెరగాలి, ఆపైన ధరలతో పాటు ఏటా పెరుగుతూ పోవాలి. రెండోది, పనిచేసిన ప్రతి 30 గంటలకు ఒక గంట జీతంతో కూడిన సిక్ లీవ్. 15 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట ఏడాదికి 56 గంటల వరకు, చిన్న చోట్ల 40 గంటల వరకు వాడుకోవచ్చు.

57 శాతానికి పైగా ‘అవును’ అన్నారు. అదే రోజు, అదే కాగితం మీద, మిస్సోరిలో 58 శాతానికి పైగా ఓట్లు ట్రంప్‌కు పడ్డాయి. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడమని మీ పాఠకులను కోరుతున్నాను. మన టీవీ చర్చల్లో అమెరికా ఎరుపు (రిపబ్లికన్), నీలం (డెమోక్రటిక్) అని రెండు ముక్కలుగా కనబడుతుంది. మా వంటగదిలో అలా ఉండదు. జ్వరంతో గుడ్లు వేసిన ఆ కుక్ ట్రంప్‌కు వేశాడు, ప్రొపొజిషన్ ‘ఎ’కూ వేశాడు. ధరలు తగ్గిస్తానన్నాడు కాబట్టి ఆయనకు, జీతం పెరగాలి కాబట్టి దీనికి అన్నాడు. నాతో ట్రేలు సర్దే నల్లజాతి పెద్దావిడ కమలా హారిస్‌కు వేసింది, దీనికీ వేసింది. నేనూ అంతే. ముగ్గురం ఒక్క విషయంలో ఒకే మాట మీద ఉన్నాం. అది మా ఒంట్లో బాగోలేని రోజు గురించి.

వ్యాపార సంఘాలు కోర్టుకు వెళ్లాయి. 2025 ఏప్రిల్ 29న మిస్సోరి సుప్రీంకోర్టు ఆ ఓటు చెల్లుతుందని చెప్పింది. మే 1 నుంచి సిక్ లీవ్ లెక్క మొదలైంది. మా పే స్టబ్‌లో, అంటే జీతం చీటీలో, కొత్తగా ఒక లైను వచ్చింది. అక్కడ ఒక చిన్న అంకె, ప్రతి రెండు వారాలకూ కొంచెం పెరుగుతూ. జులైలో నాకు కడుపులో నొప్పి వచ్చి ఒక రోజు ఇంట్లో ఉన్నాను. ఇరవై ఏళ్లలో మొదటిసారి, పనికి పోని రోజుకు నాకు జీతం పడింది. ఎనిమిది గంటలు. మా బాపు ఉంటే ఫోన్ చేసి చెప్పేదాన్ని.

మే 16న సెయింట్ లూయిస్ ఉత్తర భాగం మీదుగా పెద్ద టోర్నడో పోయింది. నాతో పనిచేసే ఆ పెద్దావిడ ఇంటి కప్పు సగం లేచిపోయింది. ఇప్పటికీ నీలం టార్పాలిన్ కప్పే ఉంది. తడిసిన గోడల వాసనకు మనవడికి ఉబ్బసం ఎక్కువైంది. ఆమె పోగేసుకున్న కాసిని గంటలూ వాడిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడానికే వాడింది. చట్టం ఇంట్లో వాళ్ల జబ్బుకు కూడా వాడుకోనిచ్చింది కాబట్టి సరిపోయింది.

అదే మే నెల మధ్యలో రాష్ట్ర సెనేట్‌లో చర్చను బలవంతంగా ఆపేసి, సిక్ లీవ్‌ను రద్దు చేసే బిల్లు పాస్ చేశారు. జులై 10న గవర్నర్ మైక్ కెహో సంతకం చేశారు. ఆగస్టు 28 నుంచి సిక్ లీవ్ పోయింది. ధరలతో పాటు కనీస వేతనం పెరగాలన్న ముక్క కూడా అందులోనే కొట్టేశారు. అప్పటికి నేను పదిహేడు వారాలు, వారానికి 28 గంటల చొప్పున 476 గంటలు పనిచేశాను. దానికి 15.87 గంటల సెలవు. వాడిన 8 పోగా 7.87 మిగిలాయి. ఆగస్టు చివర్లో వచ్చిన స్టబ్‌లో 7.87 ఉంది. సెప్టెంబర్ స్టబ్‌లో ఆ లైనే లేదు. సున్నా అని కూడా లేదు. ఆఫీసులో అడిగాను. చట్టం లేదు కదా, ఇక ఆ గంటలు కూడా లేవన్నారు. చెప్పిన అమ్మాయి మొహం చూస్తే ఆమెకూ బాధగానే ఉందనిపించింది. ఆమె గంటలు కూడా పోయాయి.

ఆగస్టు 28 నాకు కొత్త తారీకు కాదు. మిస్సోరిలో చట్టసభ పాస్ చేసే చట్టాలు ఎక్కువగా ఆ రోజునే అమల్లోకి వస్తాయి. 2017లో నేను సెయింట్ లూయిస్ సిటీలో ఒక రెస్టారెంట్ వంటగదిలో పనిచేసేదాన్ని. యజమాని మన తెలుగువాడే. ఆ మే నెలలో సిటీ కనీస వేతనం 10 డాలర్లు చేసింది. జీతం పెరిగిన మొదటి నెల మా అమ్మాయికి కళ్లజోడు మార్పించాను. కానీ నగరాలు సొంతంగా వేతనం పెంచుకోకూడదని రాష్ట్ర చట్టసభ చట్టం చేసింది. 2017 ఆగస్టు 28న కనీస వేతనం మళ్లీ 7.70కు పడిపోయింది. గంటకు 2.30 డాలర్లు తగ్గితే, వారానికి 30 గంటలకు 69 డాలర్లు. పెంచిన జీతాన్నే ఉంచిన యజమానులు ఊళ్లో ఉన్నారు. మా యజమాని ఉంచలేదు. “అక్కా, చట్టమే తగ్గించింది, నన్నేం చేయమంటారు?” అన్నాడు. అంతకు ముందు పండక్కి మా ఇంట్లో భోజనం చేసిన మనిషి. మనవాడా, పరాయివాడా అన్నదానికంటే చట్టంలో ఏముందన్నదే నా జీతాన్ని తేల్చుతుందని నాకు ఆ రోజు అర్థమైంది. అప్పటిదాకా పౌరసత్వానికి అప్లై చేయాలని పెద్దగా అనుకోలేదు. చేశాను. 2018లో పౌరసత్వం వచ్చింది. నా మొదటి ఓటు ఆ నవంబర్‌లోనే, కనీస వేతనాన్ని మెల్లమెల్లగా 12 డాలర్లకు పెంచే ప్రొపొజిషన్ ‘బి’కి వేశాను. 62 శాతంతో గెలిచింది.

ఓటుతో గెలిచింది ఎలా తీసేస్తారని మా చెల్లెలు వరంగల్ నుంచి అడిగింది. ఇక్కడ జనం ఓటుకు పెట్టేవి రెండు రకాలు. రాజ్యాంగ సవరణ అయితే మళ్లీ జనం ఓటు లేకుండా దాన్ని ముట్టుకోలేరు. మామూలు చట్టమైతే చట్టసభ మరుసటి ఏడాదే రద్దు చేయొచ్చు. ప్రొపొజిషన్ ‘ఎ’ మామూలు చట్టం. అదే 2020లో మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాను ఇంకా ఎక్కువమంది పేదలకు విస్తరించాలన్నది రాజ్యాంగ సవరణగా గెలిచింది. చట్టసభ డబ్బులివ్వనని మొండికేస్తే, 2021లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని అమలు చేసి తీరాలంది. అందుకే అది నిలబడింది.

దీన్ని ఒక పార్టీ మీద కోపంగా తీసుకోవద్దు. మిస్సోరిలో ఈ పని చేసింది రిపబ్లికన్లే, అది దాచను. కానీ దేశం మొత్తానికి కనీస వేతనం 7.25 డాలర్లు. 2009 జులై నుంచి ఒక్క సెంటు పెరగలేదు. మధ్యలో ఇద్దరు డెమోక్రటిక్ అధ్యక్షులు పనిచేశారు. 2021 మార్చిలో సెనేటర్ బెర్నీ శాండర్స్ 15 డాలర్ల సవరణను అమెరికా సెనేట్‌లో పెడితే డెమోక్రటిక్ పక్షంలోనే ఎనిమిది మంది వ్యతిరేకంగా ఓటేశారు. ఆ తర్వాత ఎన్నికల్లో వాళ్లే వచ్చి ఆర్థిక వ్యవస్థ బాగుంది, స్టాక్ మార్కెట్ బాగుంది అని చెబితే మా కుక్ లాంటి వాడు వినలేదు. ఆయన చూసింది ట్రక్ ఇన్‌స్టాల్‌మెంట్‌ను, గుడ్ల ధరను. ఆయనను తిట్టే మన వాళ్ల మీద నాకు కోపమొస్తుంది.

మరి ధరలు తగ్గాయా? ఇండియా సరుకుల మీద సుంకం 2025 ఆగస్టు 27 నుంచి 50 శాతం అయింది. మా ఇండియన్ స్టోర్‌లో 22 డాలర్లకు కొన్న సోనామసూరి బస్తా ఆ ఏడాది చివరికి 27 అయింది. 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా, 43 రోజులు, బడ్జెట్ కుదరక కేంద్ర ప్రభుత్వం మూతపడింది. అప్పటికి దేశంలో 4 కోట్ల 20 లక్షల మంది తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంపుల మీద ఆధారపడేవారు. నవంబర్ మొదట్లో అవి ఆగిపోయాయి. మా పెద్దావిడ కూతురికీ ఆగాయి. నవంబర్‌లో ఒక రోజు వంటగదిలో మిగిలిన బ్రెడ్ పారేయబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంటికి తీసుకెళ్లకూడదని రూల్ ఉంది. నేను సంచి పట్టుకున్నాను, ఆమె సర్దింది.

ఇన్సూరెన్స్ సంగతి. నాకు వారానికి 28 గంటలే ఎందుకిస్తారంటే, 30 గంటలైతే 50 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే సంస్థ ఆ ఉద్యోగికి హెల్త్ ఇన్సూరెన్స్ ఇవ్వజూపాలి, లేకపోతే జరిమానా. అందుకని 28 దగ్గరే ఆపుతారు. మా వారి ఐటీ ఉద్యోగం 2024లో పోయింది, ఇప్పుడు కాంట్రాక్టు పని. ఇద్దరం ప్రభుత్వ సబ్సిడీతో ఇన్సూరెన్స్ దొరికే ఒబామాకేర్ మార్కెట్‌లో కొనుక్కుంటున్నాం, 2025లో నెలకు 590 డాలర్లు. 2021లో పెంచిన సబ్సిడీ 2025 డిసెంబర్ 31తో అయిపోయింది. 2026 జనవరి నుంచి 1,370 అని ఉత్తరం వచ్చింది. ఆ జనవరి 1 నుంచే కనీస వేతనం 15 అయింది కాబట్టి నాకు గంటకు 75 సెంట్లు పెరిగాయి. వారానికి 21 డాలర్లు. ఆ రెండు లెక్కలూ నేను ఒకే కాగితం మీద రాసుకున్నాను.

సిక్ లీవ్ తీసేసిన చట్టసభే 2025 సెప్టెంబర్‌లో మళ్లీ ప్రత్యేకంగా కూర్చుంది. కాన్సస్ సిటీలో డెమోక్రటిక్ సభ్యుడు ఇమాన్యుయెల్ క్లీవర్ గెలుస్తూ వస్తున్న నియోజకవర్గాన్ని ముక్కలు చేసి కొత్త మ్యాప్ గీసింది. దాంతో పాటు ఇంకో ప్రతిపాదన పాస్ చేసింది. ఇకపై జనం సంతకాలతో తెచ్చే రాజ్యాంగ సవరణకు రాష్ట్రం మొత్తం మీద మెజారిటీ వస్తే చాలదు, రాష్ట్రంలోని ఎనిమిది కాంగ్రెస్ (అమెరికా పార్లమెంట్) నియోజకవర్గాల్లోనూ విడివిడిగా రావాలట. ఒక్క చోట ఓడితే మొత్తం ఓడినట్టే. ఇది 2026లో ఓటుకు వస్తుంది. సిక్ లీవ్‌ను ఎవరూ తీసేయలేకుండా రాజ్యాంగంలో పెడదామని మేం అనుకుంటుంటే, ఆ తలుపు కూడా మూసే ప్రయత్నమిది.

కొత్త మ్యాప్‌ను జనం ఓటుకు పెట్టాలని సంతకాలు సేకరించారు. లక్షకు పైగా ఉంటే సరిపోతుంది, 2025 డిసెంబర్ 9న 3 లక్షలకు పైగా ఇచ్చారు. నేను లైబ్రరీ బయట సంతకం పెట్టాను, తర్వాత రెండు ఆదివారాలు ప్యాడ్ పట్టుకుని నిలబడ్డాను. మన గుడి దగ్గర తెలిసినవాళ్లను కూడా అడిగాను. పదిహేనేళ్లుగా పౌరులైన వాళ్లు. కొందరు పెట్టారు. ఒక తమ్ముడు మాత్రం ప్యాడ్ వైపు చూసి, “ఇప్పుడు రోజులు బాగోలేవక్కా, మన పేరు ఎక్కడా ఉండకపోవడమే మంచిది” అన్నాడు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. ఇంకొకాయన మాటకే బాధేసింది. “ప్రెసిడెంట్ దాకా వేశాను మేడమ్, వెనక పేజీలో ఆ ప్రొపొజిషన్లవీ చదవలేక వదిలేశాను” అన్నాడు. పెద్ద కంపెనీలో మేనేజర్ ఆయన. ఆయన కూతురు కాలేజీకి పోతూ కాఫీ షాపులో గంటల లెక్కన పనిచేస్తుంది. ఆ అమ్మాయి జ్వరం గురించిన ప్రశ్న ఆ వెనక పేజీలోనే ఉంది.

సంపాదకుల వారికి నా విన్నపం ఇది. 2026 నవంబర్‌లో మళ్లీ ఎన్నికలు. మన మూలాలున్న అభ్యర్థుల గురించి రాయండి, చదువుతాం. దాంతోపాటు ఏ రాష్ట్రంలో ఓటు కాగితం వెనక పేజీలో ఏముందో కూడా రాయండి. మిస్సోరి, నెబ్రాస్కా, అలాస్కా మూడింటిలోనూ 2024లో సిక్ లీవ్ గెలిచింది, మూడూ ట్రంప్ గెలిచిన రాష్ట్రాలే. ఇక్కడ ఓటున్న తెలుగువాళ్లు ఇంగ్లిష్ వార్తలు ఎంత చదివినా, ఇంట్లో మాట్లాడుకునేది మీ పత్రికలో వచ్చిన దాని గురించే. వరంగల్, గుంటూరు నుంచి అమ్మానాన్నలు ఫోన్ చేసి అడిగేదీ దాని గురించే.

ఈ ఉత్తరంతో పాటు నా పే స్టబ్‌లు రెండు పంపుతున్నాను. పేరు, నంబర్లు, సంస్థ పేరు నల్ల పెన్నుతో కొట్టేశాను. ఆగస్టుది పైన ఉంది. 7.87 ఉన్న చోట చుట్టూ గీత గీశాను. సెప్టెంబర్‌ది కింద ఉంది. దానిలో గీత గీయడానికి ఏమీ లేదు. అచ్చు వేయాలనుకుంటే రెండూ పక్కపక్కన వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సెయింట్ లూయిస్, మిస్సోరి